అజెండాలో ఐదోది

లిఫ్టు రిపేరు, మంజీర ట్యాంకరు బాకీ,
టెర్రస్ మీద ఆరేసే బట్టల గొడవ,
కుక్కల సంగతి.
వాటి తర్వాత ఐదోది:
మూడొందల నాలుగులో ఉంటున్న నల్లబ్బాయి.

పేరుంది. అబ్దెల్‌మొనీమ్.
అజెండా టైపు చేసింది నేనే. పేరు రాయలేదు.

బండ్లగూడ, సన్ సిటీ వెనక, మా అపార్ట్‌మెంటు సెల్లారు.
ఇరవై ఆరు కుర్చీలు, మూడింటికి చేతుల్లేవు.
సెక్రెటరీని గనక రిజిస్టరు నా ఒళ్లో.

గోవర్ధన్ రావు గారు, రైల్వేలో ముప్పై నాలుగేళ్లు
టికెట్టు లేనివాళ్లను దింపినాయన, లేచి అన్నారు:
"వీసా మార్చిలో అయిపోయింది. ఇది ఆగస్టు.
కాగితం అడిగితే తప్పా?"

తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను.
ఇంటికి గడప ఉన్నట్టే దేశానికీ ఉంటుంది,
గడపున్న చోట గడియా ఉంటుంది.

అప్పుడు నాలుగో అంతస్తు హంసిని,
లా చదువుతున్న పిల్ల, కూర్చునే అంది:
"అంకుల్, మీరంతా రేసిస్టులు."

బోరు మోటారు ఆపినట్టయింది సెల్లారు.
మాట మీద పడ్డవాళ్లే కాదు,
పడనివాళ్లూ తుడుచుకున్నారు.
గోవర్ధన్ రావు గారి చేతులు వణికాయి.
"మా పనిమనిషికి మేం కుర్చీ వేస్తామమ్మా" అన్నారొకరు.
"మా అమ్మాయీ నలుపే" అన్నారింకొకావిడ,
"అందుకే కదా మూడు సంబంధాలు..."
అని ఆగిపోయింది.
అరగంట ఆ ఒక్క మాట గురించే.
వీసా ఊసు ఎత్తినవాళ్లు లేరు.
అతని ఊసు అసలే లేదు.

నేను రాసుకోవాలి కదా. పెన్ను ఆగింది.
రేసిజం. తెలుగులో ఏమని?
వర్ణవివక్ష అంటే పదో తరగతి సోషల్,
ఐదు మార్కులు, ఎక్కడో దక్షిణాఫ్రికా.
జాత్యహంకారం అంటే జర్మనీ, రెండు మార్కులు.
మా సెల్లారుకు సరిపడే సైజులో మాట దొరకలేదు.
ఉందేమో. రోజూ వాడేది గనక కనపడదేమో.
"నలుపే గానీ కళగల మొహం" అంటామే,
ఆ "గానీ" దగ్గరెక్కడో.

"ఎవరెవరి కాగితాలు చూశావు?"
హంసిని ఈసారి వాచ్‌మన్‌ని అడిగింది.
లింబాద్రి గేటు తాళాలు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చాడు.
"సెక్రెటరీ సారు చూడుమన్నోళ్లయే చూసిన."
"రెండొందల రెండులో ఇటలీ ఆయనవి?"
"ఆయనయి చూడుమనలే."

ఇటలీ ఆయన వీణ నేర్చుకోడానికొచ్చాడు.
ఎప్పటిదాకా ఉండొచ్చో, ఏ వీసానో, నాకు తెలీదు.
మామిడికాయ పప్పు మాత్రం రెండుసార్లు పంపాను.
ఈ ముక్క రిజిస్టరులో ఎక్కించలేదు.

అందరూ వెళ్లాక, కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తూ
లింబాద్రి తనే మొదలుపెట్టాడు:
"సార్, నేను షార్జాల నాలుగేండ్లు ఖల్లివెల్లి."
కాగితం లేనోణ్ణి అక్కడ అట్లంటరట.
"పాస్‌పోర్టు కఫీల్ తాన ఉండె.
బూట్ల సప్పుడినబడితె
నీళ్ల ట్యాంకి ఎన్క పండుకునేది.
ఆమ్నెస్టీ పెడితె ఇంటికచ్చిన."

"మరి ఆ పిల్లాణ్ణి ఎట్లా అడిగావు?"

"నౌకరి కద సార్. అడిగిన.
గని మెట్లకాడ్నే చెప్పులిడిసి పోయిన.
సప్పుడుకు బెదురుతడని."

అతను తలుపు తీసి ఫైలు మొత్తం చేతికిచ్చాడట.
కాలేజీ ఉత్తరం, అర్జీ పెట్టిన రసీదు,
యుద్ధంలో కాలిపోయిన వీధి చిరునామా ఉన్న ఏదో కాగితం.
లింబాద్రికి ఇంగ్లీషు రాదు.
ఫోటో ఒక్కటి చూసి తిరిగిచ్చేశాడు.

ఐదో అంశం: వాయిదా.
అలా రాసి సంతకం పెట్టాను.
హంసిని మాట రాయలేదు, గోవర్ధన్ రావు గారిదీ రాయలేదు.
చెప్పుల సంగతికి రిజిస్టరులో గడి లేదు.

మర్నాడు పొద్దున్నే రెండొందల రెండు తలుపు కొట్టాను.
"కాగితాలు" అన్నాను.
ఆయనకు వినపడలేదో, నేనే మెల్లగా అన్నానో.
నవ్వి, లోపలికి రమ్మని కాఫీ ఇచ్చాడు.

తాగి వచ్చేశాను.